‘పరిశీలించండి’ అంటే ఏం చేయాలి?

సంపాదకులకు,

గుంటూరు జిల్లాలో హైకోర్టు వద్దన్నా గుడిసెలు పీకించిన ఒక తహసీల్దారు తర్వాత డిప్యూటీ కలెక్టరయ్యారు. 2025 మేలో సుప్రీంకోర్టు ఆయన్ని మళ్లీ తహసీల్దారును చేసి, లక్ష రూపాయల జరిమానా వేసింది. అప్పటినుంచి మా రామాలయం అరుగు మీద ఒకటే మాట: కోర్టు కాగితం ఉంటే ఎంతటి ఆఫీసరైనా దిగొస్తాడని. నా దగ్గరా కోర్టు కాగితం ఉంది. ఇంతవరకు నా చేను గట్టు మీదికి ఒక్కరూ రాలేదు.

మాది భీమవరం చుట్టుపక్కల పల్లె. రెండెకరాల వరి. గట్టుకి అవతల వనామీ రొయ్యల చెరువు తవ్వారు. బోరు వేసి ఉప్పునీళ్లు తోడుతున్నారు. ఆ ఊటంతా నా చేలోకే. దాళ్వాకి ఎంటీయూ 1121 రకం వరి వేశాను. చెరువు వైపు మడుల్లో పిలక కట్టకముందే ఆకు కొసలు మాడిపోయాయి. నీళ్లు ఆరాక మట్టి మీద తెల్లగా పొర కడుతోంది, వేలితో గీస్తే ముగ్గు గీసినట్టు గీత పడుతోంది. నాలుక మీద వేసుకుని కూడా చూశాను. ఉప్పే.

సోమవారం గ్రీవెన్సులో ఇచ్చిన అర్జీల రసీదులు ఒక కవరు నిండాక హైకోర్టుకు వెళ్లాను. అఫిడవిట్ మీద సంతకానికి విజయవాడ మీదుగా హైకోర్టున్న నేలపాడు దాకా ఒక రోజు పోయింది. ఆర్డర్ మాత్రం త్వరగానే వచ్చింది. నా అర్జీని చట్టప్రకారం పరిశీలించి నాలుగు వారాల్లో తేల్చమని అధికారులకు చెప్పింది. ఆ రోజు ఇంట్లో పులిహోర చేసుకున్నాం.

గడువుకి రెండు రోజుల ముందు ఆఫీసు నుంచి రెండు లైన్ల ఎండార్స్‌మెంట్, అంటే రాతపూర్వక జవాబు, వచ్చింది. “మీ అర్జీని పరిశీలించడమైనది. తగు చర్యలు తీసుకోబడినవి.” ఏం పరిశీలించారు, ఎవరొచ్చారు, ఎప్పుడొచ్చారు? ఒక్క ముక్క లేదు. చెరువు నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

కోర్టు ధిక్కరణ కేసు వేద్దామంటే మా లాయరు గారు నవ్వారు. పరిశీలించమన్నారు, పరిశీలించామన్నారు, ఇందులో ధిక్కారం ఎక్కడుందండీ అన్నారు. గెలిచినా 1971 కోర్టు ధిక్కరణ చట్టంలో రాసిన జరిమానా 2,000 రూపాయలకు మించదట, లేదా ఆరు నెలల దాకా సాధారణ జైలు, లేదా రెండూ. గుడిసెల కేసులో “కదిలించొద్దు” అని కోర్టు స్పష్టంగా చెప్పింది కాబట్టే దాటినవాడు దొరికిపోయాడు. “పరిశీలించండి” అన్న మాటను దాటాల్సిన పనేముంది? లోపలే ఎంతసేపైనా కూర్చోవచ్చు.

ఇది నా ఒక్కడి గొడవ కాదు. 2006లో మన ఆర్టీసీ కేసులోనే సుప్రీంకోర్టు, పరిశీలించమని పంపేటప్పుడు ఆదేశం స్పష్టంగా ఉండాలని హైకోర్టులకు చెప్పింది. లాయరు గారు ఆ తీర్పు చూపించారు. జడ్జీల బల్ల మీద ఎన్ని ఫైళ్లుంటాయో నాకూ తెలుసు, చేను తడో పొడో వాళ్లు చూడలేరు. కానీ చూడాల్సింది ఏమిటో రాయొచ్చు కదా. 2020 నాటి ఆక్వా చట్టం కింద ఆ చెరువుకి లైసెన్సు ఉందా లేదా, మట్టి పరీక్షలో ఏం తేలింది, ఇద్దరు రైతుల ఎదుట పంచనామా రాశారా అని అడిగితే రెండు లైన్ల ఎండార్స్‌మెంట్ సరిపోదు.

ఇప్పుడు రెండో రిట్ వేయమంటున్నారు. వేస్తాను. ఈసారి ఆర్డర్‌లో, తనిఖీకి వచ్చే ముందు రోజు రైతుకి ఫోన్ చేయాలని కూడా ఒక లైను రాయించమని అడగబోతున్నాను. బోదె గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటాను.

- రెండెకరాల రైతు,
పశ్చిమ గోదావరి జిల్లా