సంక్రాంతి ప్రచారం గురించి

సభ్యులందరికీ నమస్కారం. మన కోనసీమలో సంక్రాంతికి కూతుళ్లు అల్లుళ్లతో కలిసి పుట్టింటికి వస్తారు, తొలి కాన్పుకు వచ్చిన అమ్మాయిలు అప్పటికే అక్కడ ఉంటారు కనుక, మన పురిటి సాయం గురించి తల్లికీ కూతురికీ ఒకేచోట చెప్పే వీలు భోగి నుంచి కనుమ వరకు ఆ 3 రోజుల్లో దొరుకుతుంది. పుష్యమాసంలో శుభకార్యాలు పెట్టుకోని ఇళ్లు ఎక్కువ కాబట్టి సీమంతం ప్యాకేజీని మాఘమాసానికి ఉంచుదాం.

కిందటి ఏడాది కరపత్రాలను కోడిపందేల బరి దగ్గర పంచి పొరపాటు చేశాం. సాయంత్రానికి అవి జీళ్ల పొట్లాలయ్యాయి, ఒకదాని మీద నా ఫోన్ నంబరే నూనె మరకలో కనిపించింది. ఈసారి భోగిపళ్ల పేరంటాలు చూసుకుందాం. రేగిపళ్లు, చిల్లర నాణేలు, బంతిపూల రేకలు కలిపిన పళ్లెం పక్కనే ముత్తైదువులకిచ్చే తాంబూలాలు సర్ది ఉంటాయి. ఇంటివారు ఒప్పుకుంటేనే వాటిలో మన చిన్న కార్డు పెట్టాలి. కార్డు మీద ధర తగ్గింపు రాయవద్దు, కాన్పుకు పండుగ డిస్కౌంటు అంటే వినడానికే బాగుండదు. బాలింత ఇంటికి ఒకసారి ఉచితంగా వచ్చి, తల్లిపాలు పట్టించడంలో సాయం చేస్తామని రాస్తే చాలు.

ఒక దుకాణం వారు మన కానుకల బుట్టలో పాలసీసాలు ఉచితంగా పెడతామన్నారు. అమ్మకాల కోసం అలా పంచడాన్ని 1992 నాటి చట్టం నిషేధిస్తుంది కనుక వద్దన్నాను. బిడ్డ ఆడో మగో ఊహించే పోటీ కూడా వద్దు. లింగ నిర్ధారణను 1994 చట్టం నిషేధించిన దేశంలో అటువంటి సరదాకు మన పేరు తగిలించుకోకూడదు.

కార్డు నమూనాను బుధవారంలోగా ఇక్కడే పెడతాను, అక్షరదోషాలుంటే చెప్పగలరు.