2025 వార్షిక నివేదిక: బెర్లిన్ తెలుగు విద్యార్థి సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కార్యవర్గానికి ఎక్కువ పని పడింది చిరునామాల దగ్గరే. కొత్తగా దిగినవాళ్లు ఇంట్లో చేరిన 14 రోజుల్లోగా అన్మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు చేయించుకోవాలి. అది కాందే పన్ను నంబరు రాదు. ఆ నంబరు ఇవ్వకపోతే పార్ట్‌టైం జీతంలో పన్ను ఎక్కువ కోస్తారు. కొన్ని బ్యాంకులైతే ఖాతా కూడా తెరవవు.

నగరంలో 12 జిల్లాలున్నాయి. ఏ జిల్లా బ్యుర్గర్‌ఆమ్ట్‌లోనైనా, అంటే పౌరసేవల కార్యాలయంలోనైనా, నమోదు చేయించుకోవచ్చు కాబట్టి మీ పేటలో అపాయింట్‌మెంట్ స్లాట్ లేదని ఆగిపోకండి. పొద్దున్నే చూస్తే ఎవరో రద్దు చేసుకున్న స్లాట్లు కనబడతాయి. పాస్‌పోర్టు, నింపిన ఫారం, ఇంటి యజమాని సంతకం పెట్టిన ధ్రువపత్రం వెంట ఉండాలి. బేరం చెడేది ఈ మూడోదాని దగ్గరే. గది ఇస్తాం గానీ నమోదు కుదరదంటారు కొందరు యజమానులు, అదీ డబ్బు కట్టించుకున్నాక. అందుకే మన గ్రూపులో గదుల ప్రకటన పెట్టేవారు నమోదు కుదురుతుందో లేదో ముందే రాయాలని నియమం పెట్టాం. డబ్బు తీసుకుని ఉత్తుత్తి చిరునామా ఇచ్చేవారి జోలికి పోవద్దు. అది చట్టవిరుద్ధం, జరిమానా 50,000 యూరోల దాకా ఉంటుంది.

నమోదయ్యాక చేయాల్సిన మొదటి పని పోస్టుపెట్టె మీద పేరు అంటించడం. ఇక్కడ చాలా భవనాల్లో ఫ్లాట్లకు నంబర్లుండవు. గుమ్మంలో ముప్పై పెట్టెలున్నా పోస్టుమ్యాన్ చూసేది పేరే. ఉత్తరం మీద పాస్‌పోర్టులోని ఇంటిపేరు, పెట్టె మీద ఇంట్లో పిలిచే పేరు ఉంటే అది వెనక్కి వెళ్లిపోతుంది. పన్ను నంబరు, ఆరోగ్య బీమా కార్డు, బ్యాంకు పిన్, అన్నీ వచ్చేది ఆ పెట్టెకే. మరొకరి ఇంట్లో అద్దెకుంటే చిరునామాలో కేరాఫ్ అని అసలు అద్దెదారు పేరు కలపండి.

అడ్వాన్సు విషయంలో చట్టం మన పక్షమే. వేడి, నీళ్ల ఖర్చులు కలపని అద్దెకు మూడు నెలల మొత్తం దాటి అడగకూడదు. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కూ ఉంది. ఇల్లు చూపించకుండా, తాళాలు కొరియర్లో పంపుతానని డబ్బు అడిగేవాడు మోసగాడే. రేడియో, టీవీ రుసుము నెలకు 18.36 యూరోలు ఇంటికి ఒక్కటే. రూమ్మేట్ కడుతుంటే అతని రుసుము ఖాతా నంబరు రాసి పంపితే చాలు.

చలికాలం గోడల బూజు గురించి మళ్లీ చెప్పక తప్పడం లేదు. అన్నం, పప్పు ఉడికిన ఆవిరి, గదిలో ఆరేసిన బట్టల తడి వెళ్లి చల్లటి గోడ మూలన చేరతాయి. బీరువా వెనకాల నల్లమచ్చ మొదలవుతుంది. కిటికీ రోజంతా ఓరగా వాల్చి ఉంచితే గోడ ఇంకా చల్లబడి నష్టమే జరుగుతుంది. హీటరు కట్టేసి, కిటికీ బార్లా తెరిచి 5 నుంచి 10 నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు గాలి ఆడనివ్వాలి. బీరువాను గోడకు నాలుగు వేళ్లు ఎడంగా జరపండి. ఈ ఒక్క అలవాటు లేక అడ్వాన్సులో కోత పడుతోంది.

ఉద్యోగం విషయానికొస్తే, ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయవచ్చు. నాలుగు గంటల లోపుదే సగం రోజు. లెక్క మీరే తేదీలవారీగా రాసుకోండి. ఫ్రీలాన్స్ డెలివరీ పనికి విడిగా అనుమతి కావాలి.

వీసా గడువు తీరకముందే పొడిగింపుకు దరఖాస్తు చేయండి. తాత్కాలిక పత్రం చేతికొస్తే అందులో జర్మనీ నివాస చట్టం 81వ సెక్షన్ 4వ పేరా గడి టిక్ అయిందో లేదో చూడండి. 3వ పేరా టిక్ అయివుంటే దానితో ఇండియా వెళ్లి తిరిగి రాలేరు. టికెట్లు ఆ తర్వాతే కొనండి.

ఊరినుంచి వచ్చేటప్పుడు నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు తేవద్దు. పాలతో, మాంసంతో చేసినవి కస్టమ్స్‌లో తీసేసుకుంటారు.

ఉగాది మార్చి 30, ఆదివారం వచ్చింది. ఆ తెల్లవారుజామునే గడియారాలు గంట ముందుకు జరిగాయి కనుక, ఇంటికి వీడియో కాల్ చేసేవారికి మూడున్నర గంటల తేడా లెక్క ముందే పంపాం. పచ్చడికి పచ్చి మామిడికాయలు లిక్టెన్‌బర్గ్‌లోని డాంగ్ షువాన్ సెంటర్‌లో దొరుకుతాయి.

జమాఖర్చుల పట్టిక సర్వసభ్య సమావేశంలో చదువుతాం. వచ్చే సెమిస్టరు వచ్చేవారికి పోస్టుపెట్టె లేబుళ్లు అచ్చువేయించి ఉంచే ప్రతిపాదన మీద అప్పుడే ఓటింగు.

కార్యవర్గం