కోసేసిన టై సంగతి

తిరుపతి,
21 ఫిబ్రవరి 2026

చిరంజీవి మధుకి అమ్మ ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. కిట్టుగాడు పరీక్షలని వణికిపోతున్నాడు. ఆదివారం శివరాత్రికి కపిలతీర్థం వెళ్లి నీ పేరున అర్చన చేయించాను. నువ్వు ఉపవాసం ఉన్నావా అని అడగనులే. మర్నాడే జర్మనీలో మీ కొలోన్‌లో కార్నివాల్ పండగ పెద్ద ఊరేగింపు, అదే రోజన్‌మోంటాగ్ కదా.

ఫోన్‌లో రాస్తే చదివావో లేదో తెలీకుండా బొటనవేలు బొమ్మ పెట్టేస్తావు. పది రోజులుగా అదీ లేదు. అందుకే కాగితం తీశాను. ప్రత్యేకించి చెప్పాల్సిందేమీ లేదు.

చిట్టత్త ఒక ఫోటో పంపింది. నీ మెడలో టై సగానికి కోసేసి ఉంది. "ఉద్యోగంలోంచి తీసేస్తే అక్కడ అలా కోసి పంపిస్తారేమో వదినా" అని కూడా అంది. నాకు రాత్రంతా కునుకు పడితే ఒట్టు. తెల్లారగానే మేడమీద లావణ్యని నిద్ర లేపాను. మీ కొలోన్ పక్కనున్న బాన్‌లో రెండేళ్లు చదివొచ్చిన పిల్ల కదా, ఫోటో చూసి ఒకటే నవ్వు. ఆ ఊరేగింపుకి ముందొచ్చే గురువారాన్ని వైబర్‌ఫాస్ట్‌నాఖ్ట్ అంటారట. పొద్దున 11 గంటల 11 నిమిషాలకి మొదలై ఇక ఆ రోజంతా ఆడవాళ్లదే రాజ్యం. ఎదురొచ్చిన మగాడి టై కత్తిరించేస్తారు. తెలిసినవాళ్లు ఆ రోజు పాత టై కట్టుకుపోతారని కూడా చెప్పింది. మరి నువ్వు, ఇంటర్వ్యూకని నాన్న గాంధీ రోడ్డులో కొన్న నీలం టై ఎందుకు కట్టుకెళ్లినట్టు? నాలుగేళ్లుగా అక్కడే ఉన్నావు, తెలీదంటే నేను నమ్మాలా?

సరే, టై పోతే పోయింది. ఆ ఆడవాళ్ల కథ మాత్రం నాకు భలే నచ్చింది. బాన్ దగ్గర రైన్ నదికి అవతలి ఒడ్డున బోయెల్ అని ఉందట. అక్కడి ఆడవాళ్లు రైన్ ఒడ్డున ఊరందరి బట్టలూ ఉతికేవాళ్లు. మొగుళ్లు ఉతికిన మూటలు కొలోన్‌లో ఇచ్చొస్తామని వెళ్లి, కార్నివాల్ అంతా అక్కడే తాగి తిరిగేవాళ్లు. చూసి చూసి 1824లో ఆడవాళ్లే ఒక సంఘం పెట్టుకుని, ఆ గురువారం పని మానేసి తమ పండగ తాము చేసుకున్నారు. ఇది చెబితే మీ నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నారు.

టై కోసినందుకు పరిహారంగా బుగ్గ మీద ఒక ముద్దు పెడతారనీ, అందులో తప్పుగా అనుకోవాల్సిందేమీ లేదనీ లావణ్య అంది. నేనూ అనుకోలేదు. కానీ కళ్లజోడు పెట్టుకుని చూస్తే కుడి బుగ్గ మీద ఒక గుర్తు, ఎడమ బుగ్గ మీద రెండు. ఒక టైకి ఒకటే లెక్కయితే మిగతా రెండూ ఏ ఖాతాలోవి నాయనా?

పోనీలే. తాగుడు గురించి ఒక్క మాట, లెక్చర్ అనుకోకు. అక్కడ కోల్ష్ బీరు చిన్న గ్లాసులో పోస్తారనీ, అది ఖాళీ అయితే అడగకుండానే ఇంకోటి తెచ్చి పెడతారనీ, చాలనుకుంటే గ్లాసు కింద ఉండే అట్ట తీసి గ్లాసు మీద పెట్టాలనీ విన్నాను. మన పెళ్లిళ్లలో విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినట్టే కదా. నీకు చిన్నప్పటినుంచీ చెయ్యి అడ్డం పెట్టడం రాదు. సిగ్గుపడి నాలుగు బూరెలు తిని రాత్రి కక్కుకునేవాడివి. అట్ట పెట్టు. చలిలో వేషం కింద స్వెటర్ వేసుకో. స్టూడెంట్లంతా తోసుకునే ఆ జుల్పిషర్ వీధి వైపు వెళ్లకు, నీకిప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు.

వేషమంటే గుర్తొచ్చింది. అక్కడ ఏటా ముగ్గురిని ఎన్నుకుంటారటగా, రాజకుమారుడు, రైతు, కన్య. ఆ కన్య వేషం కట్టేది మగాడే. హిట్లర్ కాలంలో 1938, 39లో మాత్రం మగాడు వద్దని ఆడవాళ్లని పెట్టించారట. మగాళ్లు మొక్కుకుని ఆడవేషం కట్టే మన గంగమ్మ జాతర చూసి పెరిగినవాళ్లకి ఇందులో వింతేముంది?

1995 జాతర సంగతి నీకెప్పుడూ చెప్పలేదు, నాన్న చెప్పనివ్వలేదు. మా పెళ్లికి ముందు ఆయనకి అమ్మవారు పోసి బాగా తీసిపోయారు. నయమైతే ఆడవేషం కట్టిస్తానని మీ అవ్వ మొక్కుకుంది. పెళ్లయిన మరుసటి ఏడు మేలో జాతర వచ్చేసరికి ఈయన ససేమిరా అన్నారు, ఆఫీసులో పరువు పోతుందని. అవ్వ రెండు పూటలు అన్నం మానేసింది. మూడో పూటకి ఈయన దిగొచ్చారు. నా ఆకుపచ్చ జరీ చీర కట్టాను. నా జాకెట్టు హుక్కులు అందలేదు, వెనక పిన్నీసులు పెట్టాం. సవరం, కనకాంబరాలు, గాజులు, అన్నీ అయ్యాయి, మీసం మాత్రం తియ్యనన్నారు. కొంగుతో మీసం కప్పుకుని తాతయ్యగుంట గంగమ్మ గుడి దాకా నడిచారు. దారిలో వేషగాళ్ల బూతులు విని నేను చెవులు మూసుకున్నాను. ఆ వారం ఎవరు ఎవరిని ఎంత తిట్టినా కోపగించుకోకూడదు కదా. గుడి ముందు క్యూలో ఈయన ముందు గులాబీరంగు పట్టుచీరలో, ఒంటినిండా నగలతో ఒక లావుపాటి మనిషి నిలబడి ఉంది. తిరిగి చూస్తే ఈయన మేనేజరు! ఇద్దరూ ఒక్క క్షణం చూసుకుని, చెరో వైపు కొంగు లాక్కున్నారు. మర్నాడు ఆఫీసులో సాయంత్రం దాకా ఇద్దరూ ఫైళ్ల గురించే మాట్లాడుకున్నారట. ఆ ఏడాది సెలవు అడిగితే ఒక్కసారి కూడా కాదనలేదు ఆయన.

ఇప్పుడు నీ ఫోటో చూసి ముందు ఎగిరింది ఈయనే. నేనేమీ అనలేదు. బీరువాలోంచి ఆ ఆకుపచ్చ చీర తీసి మంచం మీద పెట్టాను. ఊరుకున్నారు.

కార్నివాల్ ఆఖరి రాత్రి నుబ్బెల్ అని గడ్డిబొమ్మని తగలబెడతారనీ, ఆ రోజుల్లో చేసిన తప్పులన్నీ వాడివేనని వాడి మీదికి నెట్టేస్తారనీ లావణ్య చెప్పింది. భలే సదుపాయం. మంగళవారం నువ్వూ వెళ్లుంటావు. అమ్మకి ఫోన్ చెయ్యని తప్పు మాత్రం ఆ మంటలో కాలలేదని చెప్పు వాడికి.

ఇంకొకటి, ఊరికే అడుగుతున్నాను. ఆ ఫోటోలో నీ పక్కన ఎర్రముక్కు పెట్టుకుని కత్తెర పట్టుకున్న పిల్ల, దీపావళికి నువ్వు పంపిన ఫోటోలో ప్రమిద పట్టుకున్న పిల్ల ఒకరేనా? ముక్కు ఎర్రగా ఉన్నా నవ్వు అదే అనిపించింది. చిట్టత్తకి చెప్పలేదు. నాన్నకీ చెప్పలేదు.

లావణ్య వాళ్ల అన్నయ్య వచ్చే శనివారం ఫ్రాంక్‌ఫర్ట్ వస్తున్నాడు. చెనిక్కాయల పొడి, కరివేపాకు పొడి, రెండు సీసాలు చింతకాయ తొక్కు పంపుతున్నాను. ఎర్రమూతది నీకు. పచ్చమూత దాంట్లో మిరపకాయలు సగానికి తగ్గించి నూరాను, నీకు చప్పగా ఉంటుంది. దాన్ని నువ్వు తెరవొద్దు.

మీ అమ్మ