సజ్జా సలాకలు పైకెత్తిన పెద్దాయనకు దండాలు

నిన్న మధ్యాహ్నం రెండున్నరకు ఇందిరమ్మ ఇంటి స్లాబు పడింది. ఇవాళ పొద్దున మడులు కట్టి నీళ్లు నింపాం. చేతులు సిమెంటుకు పగిలి మండుతున్నాయి. నీళ్లు ఇంకాయేమోనని గంట గంటకూ పైకెక్కి చూడాల్సిందే, ఎలాగూ నిద్ర లేదు. గుర్తున్నప్పుడే చెప్పాల్సినవాళ్లకు చెప్పేస్తున్నా.

ఇంట్లోవాళ్లందరూ తట్టలు మోశారు. వాళ్లకు థ్యాంక్స్ అంటే తిట్లు పడతాయి కాబట్టి అది అక్కడితో సరి.

అసలు చెప్పాల్సింది ఆ పెద్దాయన గురించి. పాలమూరు మనిషి. ముంబైలో ఏళ్ల తరబడి రాడ్ బెండింగ్ చేసి ఊరికి తిరిగొచ్చారట. మా పక్క వాడకట్టులో కూతురుంటే చూసిపోదామని వచ్చారు. మాకూ ఆయనకూ చుట్టరికం లేదు, ముఖపరిచయం కూడా లేదు. శనివారం సాయంత్రం బీడీ కాల్చుకుంటూ పోతున్నవారు మా సెంట్రింగు చూసి ఆగారు. చెప్పులు కింద విడిచి నిచ్చెనెక్కారు. రెండు నిమిషాలు తిరిగి చూసి, ముందు సజ్జా దగ్గర కూర్చున్నారు.

"బిడ్డా, ఈ సలాక కిందెందుకున్నది?"

సజ్జా ముందు దూలం దాటి మూడడుగులు బయటికి వస్తుంది. లోపలి గదుల స్లాబు నాలుగు వైపులా ఆనుకుని ఉంటుంది కనుక బరువుకు నడుమ కిందికి వంగుతుంది, సాగేది అడుగు భాగం, సలాక అడుగునే ఉండాలి. సజ్జాకు ఒక్కవైపే ఆధారం. కొస కిందికి లాగుతుంటే దూలం మీద పై భాగం సాగుతుంది, అందుకని అక్కడ సలాక పైన ఉండాలి. మా సెంట్రింగ్ మేస్త్రీ లోపల కట్టినట్టే సజ్జాకూ అడుగునే కట్టేశాడు. పైనుంచి చూస్తే జాలీ ముచ్చటగా ఉంది. అలాగే పోసుంటే పలకలు విప్పిన రోజే సజ్జా ఊడి కింద పడేది. విప్పేది ఎవరు? ఆ కింద నిలబడేది ఎవరు? ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కాళ్లలో వణుకు.

ఆయన ఎవర్నీ తిట్టలేదు. మేస్త్రీని పక్కకు పిలిచి, చెవిలో చెప్పినట్టు చెప్పారు. తర్వాత జేబులోంచి సలాకలకు తీగ కట్టే తన కొక్కెం తీసి కట్లు విప్పడం మొదలుపెట్టారు. చెత్తలో పడేసిన 8 ఎంఎం సలాక ముక్కలతో కుర్చీలు, అంటే పై సలాకను ఎత్తి పట్టే కాళ్లు, వంచారు. స్లాబు మందం అయిదు అంగుళాలు. పైన సలాకను కప్పే ముప్పావు అంగుళం మాలు (కవర్), సలాక మందం పోతే కుర్చీ ఎత్తు మూడు ముప్పావు అంగుళాలు వచ్చింది. మూడడుగులకొకటి పెట్టారు. సజ్జా సలాక బయట ఎంత ఉంటే లోపలికి దానికి ఒకటిన్నర రెట్లు పోవాలన్నారు. మా సలాకలు రెండడుగులే పోయాయి. 10 ఎంఎం ముక్కలు జోడించి నాలుగున్నర అడుగులు లోపలికి తీసుకెళ్లారు. జోడు అర మీటరుకు తగ్గనివ్వలేదు, అన్ని జోళ్లూ ఒకే వరసలో పడనివ్వలేదు. చీకటి పడితే సెల్‌ఫోన్ లైటు పట్టుకున్నాం. రాత్రి పదకొండయింది. మేం పెట్టిన అన్నం తినలేదు, చాయ్ రెండుసార్లు తాగారు.

పోతూ పోతూ బస్తాలు లెక్కపెట్టారు. మేం తెచ్చినవి 48. ఆయన లెక్క నోటితోనే అయిపోయింది: 450 చదరపు అడుగులు, అయిదు అంగుళాలు, సిమెంటు ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర, స్లాబుకే 43 బస్తాలు. స్లాబు కింద దూలాలకు ఇంకో 13. మొత్తం 56. మేస్త్రీ దూలాల లెక్క సగమే వేశాడు. నడుమ సిమెంటు అయిపోయి రెండు మూడు గంటలు ఆగితే, అప్పటికే గట్టిపడ్డ మాలుకు కొత్త మాలు అతకదు, ఆ గీతలోంచే వానాకాలం నీళ్లు దిగుతాయి.

చేతిలో వెయ్యి రూపాయలు పెట్టబోయాం. వెనక్కి తోసేశారు. "పైసలుంటే ఎనిమిది బస్తాలు తెప్పించుండ్రి" అన్నారు. అక్కడ ఏడుపు ఆగలేదు.

పొద్దున అయిదింటికి మేం లేచేసరికే ఆయన వచ్చి మాలు కలిపే మిల్లర్ దగ్గర నిలబడ్డారు. బస్తాకు 25 లీటర్ల నీళ్లు, అంతే. మాలు జారుగా ఉంటే పోసేవాళ్లకు సుఖం, అందుకే పైపు పెట్టి వదిలేస్తారు. ఎక్కువైన నీరు ఆరిపోయాక దాని చోటు ఖాళీగా మిగిలి స్లాబు గుల్లబారుతుంది. పైపు తీసేయించి బకెట్‌తో కొలిచి పోయించారు. దూలాల మీది పై సలాకలు తొక్కకుండా పలకలు పరిపించారు. వైబ్రేటర్ ఒక్కచోటే పెట్టి ఉంచితే కంకర కిందికి, నీళ్లు పైకి వస్తాయని, ముంచి బుడగలు ఆగగానే తీయించారు. చివరికి ఇటుక పెళ్లతో గోడ మీద "21 రోజులు" అని రాశారు. మనం వాడింది పీపీసీ (బూడిద కలిసిన) సిమెంటు, మెల్లగా బిగుస్తుంది కాబట్టి 14 రోజులకు తొందరపడి దూలాల కింది కర్రలు ముట్టొద్దన్నారు. సజ్జా కర్రలు తీసేటప్పుడు కొస నుంచి మొదలుపెట్టి దూలం వైపు రావాలి, గదిలోవి నడుమ నుంచి అంచులకు పోవాలి. బస్సెక్కే ముందు వాడకట్టులో లేస్తున్న మిగతా రెండిళ్లూ చూసి వెళ్లారు. పేరు రాయొద్దన్నారు, రాయట్లేదు.

ఇంత ఆరాటం ఎందుకో అద్దెకున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. పదకొండు నెలల అగ్రిమెంటు, అది ముగిస్తే కిరాయి పెంపు, లేదంటే ఖాళీ. నెలకు నాలుగు వేలంటే ఏడాదికి 48 వేలు, కూలి మనిషికి అది ఎన్ని రోజుల చెమటో లెక్కేసుకోండి. ఇల్లు మారిన ప్రతిసారీ పిల్లల బడి, గ్యాసు, ఆధార్ అడ్రసు, అన్నీ మళ్లీ మొదటికి. అన్నిటికన్నా ఘోరం, మనిషి పోతే శవాన్ని అద్దె ఇంటి ముందు దించనివ్వరు. ఈ ఇల్లు ఆడమనిషి పేరు మీద మంజూరవుతుంది, అదీ మేలే. తాగొచ్చినవాడు బయటికి పొమ్మనడానికి వీల్లేదు.

పథకం మంచిదే, కాదనను. 5 లక్షలు, విడతల వారీగా. కానీ ఏ దశకైనా పని ముందు, పైసలు తర్వాత. పునాది మన డబ్బుతో లేపితేనే మొదటి లక్ష. కూలి చేసుకునేవాళ్ల దగ్గర ఆ ముందు డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? నూటికి మూడు రూపాయల వడ్డీ. గోడలు లేచాక తర్వాతి విడత కోసం యాప్‌లో ఫోటో తీయడానికి రావాల్సిన సారు రావడానికి 19 రోజులు పట్టింది. వచ్చాక యాప్ ఒప్పుకోలేదు. మొదటి ఫోటో జాగాలో ముళ్లకంప ఉందని రోడ్డు మీద నిలబడి తీశారు, ఇప్పుడు లొకేషన్ కలవడం లేదట. తప్పు వాళ్లది, తిరుగుడు మాది, వడ్డీ మాది. కట్టబోయేవాళ్లు రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. మొదటి ఫోటో జాగా నడిమధ్యలో నిలబడి తీయించుకోండి. డబ్బు ఆధార్‌ను బట్టి పడుతుంది, మీరిచ్చిన పాస్‌బుక్కును బట్టి కాదు. ఆఖరున ఏ ఖాతాకు ఆధార్ లింకయిందో దాంట్లోకే పోతుంది, బ్యాంకులో ముందే అడిగి చూసుకోండి. కొలతలు కూడా 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. ముగ్గు పోసిన రోజే టేపు పెట్టండి, గోడలు లేచాక ఏం లాభం.

అయ్యో, మర్చేపోయా. ఆదివారం పొద్దున షట్టర్ ఎత్తి ఆ ఎనిమిది బస్తాలు అప్పుగా ఇచ్చిన షాపు సేటుకు, వాటిని కిరాయి లేకుండా తెచ్చిన ట్రాక్టర్ తమ్ముడికి థ్యాంక్స్. బోరు మోటారు ఇచ్చిన ఎదురింటి అత్తమ్మకు, ఇంకో పదిహేను రోజులు కావాలి, ఏమనుకోకు అత్తమ్మా. పిల్లల్ని పొద్దంతా చూసుకున్న అంగన్‌వాడీ టీచరమ్మకు. స్లాబు అయ్యేదాకా కరెంటు పోకుండా చూసిన లైన్‌మన్ అన్నకు. తప్పని తెలిశాక మొండికేయకుండా రాత్రి కూర్చుని మళ్లీ కట్టిన మా మేస్త్రీకి కూడా.

ఇంకొకటి. పెద్దాయన కొక్కెం మా దగ్గరే ఉండిపోయింది, కంకర కుప్పలో దొరికింది. పిడికి సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. ఈ వారం పాలమూరు వైపు పోయేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, కూతురిని అడిగి ఊరు పేరు కనుక్కుని పంపిస్తాం.