వార్షిక నివేదిక 2024–25: పెన్‌డ్రైవ్ కాని పెన్‌డ్రైవ్

గౌరవ సభ్యులకు నమస్కారం.

పంటబోదెలో గుర్రపుడెక్క తీయించాం. వీధి దీపాలు మార్పించాం. ప్రభల తీర్థానికి వెళ్లేవాళ్లకు మజ్జిగ పోశాం. జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. ఈసారి నా సమయమంతా ఒక్క విషయానికే తీసుకుంటాను. అది మా ఇంట్లోనే జరిగింది.

సంక్రాంతికి మా అన్నయ్య కొడుకు హైదరాబాదు నుంచి వచ్చాడు. పందొమ్మిదేళ్లవాడు. భోగి నాటికే జ్వరం, పొడి దగ్గు, తిన్నదల్లా వాంతి. పండగ తిళ్లు పడలేదనుకున్నాం. ఊళ్లో గ్యాస్‌కి ఇంజక్షన్ చేశారు. కనుమ నాడు పెరట్లోంచి వీధి అరుగు దాకా వచ్చేసరికే రొప్పుతున్నాడు. పట్టణంలో ఎక్స్‌రే తీస్తే రెండు ఊపిరితిత్తుల్లోనూ తెల్లటి మచ్చలు కనిపించాయి. న్యుమోనియా అన్నారు. మూడు రోజులు యాంటీబయాటిక్స్ ఎక్కించినా ఆక్సిజన్ 88 దాటలేదు. కరోనా, ఫ్లూ, క్షయ ఏ పరీక్షలోనూ ఏమీ తేలలేదు.

నాలుగోనాడు కాకినాడ తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ మమ్మల్నందరినీ బయటికి పంపి, ‘ఈ మూడు నెలల్లో వేప్ గానీ తాగావా?’ అని వాణ్ణి అడిగారట. వేప్ అంటే ద్రవాన్ని బ్యాటరీతో కాచి ఆవిరి పీల్చే ఈ-సిగరెట్. తాగానన్నాడు. ఎవరో స్నేహితుడిచ్చిన కాట్రిడ్జి (ఆ ద్రవం నింపిన డబ్బీ), అందులో ఏముందో వాడికే తెలీదు. ‘సిగరెట్ తాగుతావా అంటే లేదన్నాను బాబాయ్, అది సిగరెట్ కాదుగా’ అన్నాడు తరవాత నాతో. వాడన్నది అబద్ధమూ కాదు. అడగాల్సిన మాట మేమే అడగలేదు.

వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతినే ఈ జబ్బు 2019లో అమెరికాలో బయటపడింది. ఈవాలి అంటారు. 2020 ఫిబ్రవరి నాటికి అక్కడ 2,807 కేసులు లెక్కకొచ్చాయి, 68 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది వాడినవి గంజాయిలోని మత్తు పదార్థం టీహెచ్‌సీ కలిపిన ద్రవాలు. వాటిని చిక్కబరచడానికి కలిపే విటమిన్ ఇ అసిటేట్ మీదే అనుమానం గట్టిపడింది. 51 మంది రోగుల ఊపిరితిత్తులు కడిగిన నీళ్లు పరీక్షిస్తే 48 మందిలో అది దొరికింది. ఒంటికి రాసుకునే క్రీముల్లోనూ వాడే పదార్థమే అది. కాగి ఊపిరిలోకి పోతేనే ముప్పు.

దీన్ని పట్టిచ్చే రక్తపరీక్ష ప్రత్యేకంగా లేదు. వేప్ తాగిన సంగతి తెలియాలి, ఎక్స్‌రేలోనో స్కాన్‌లోనో మచ్చలుండాలి, మిగతా జబ్బులు కావని తేలాలి. వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి ముందొచ్చి దగ్గు తరవాత రావచ్చు. మేం మోసపోయిందక్కడే. మావాడికి ఆక్సిజన్ పెట్టి స్టిరాయిడ్లు ఇచ్చారు, యాంటీబయాటిక్స్ మాత్రం వెంటనే ఆపలేదు. ఇంటికొచ్చాక రెండు రోజుల్లోపే మళ్లీ చూపించమన్నారు. స్టిరాయిడ్ మన ఇష్టానికి ఆపకూడదనీ, వేప్ మళ్లీ ముట్టుకుంటే జబ్బు తిరగబెట్టొచ్చనీ చెప్పారు.

ఆ తరవాత ఫిబ్రవరిలో మన హాల్లో సభ పెట్టాం. తల్లులు వచ్చారు. తండ్రుల్లో సగం మంది ‘మావాడు అలాంటివాడు కాదు’ అని ఇంట్లోనే కూర్చున్నారు. డాక్టరు గారు చూపించడానికి ఒక వేప్ తెచ్చి బల్ల మీద పెడితే, మన కోశాధికారి గారు దాన్ని పెన్‌డ్రైవ్ అనుకుని కంప్యూటర్‌కి ఎటువైపు గుచ్చాలో తెలియక తిప్పి తిప్పి చూశారు. మామిడిపండు వాసన వచ్చాక కింద పెట్టారు. ఒక పెద్దాయన లేచి, లంక పొగాకు చుట్ట కాల్చి ఎనభై ఏళ్లు బతికానన్నారు. ‘రాత్రంతా దగ్గేది మీరు కాదా మావయ్యగారూ’ అని వెనక నుంచి కోడలు గారు అందుకున్నారు.

కుర్రాళ్లు పెద్దల ముందు నోరు విప్పలేదు. రెండోసారి మేమెవరం లేకుండా గ్రంథాలయంలో డాక్టరు గారొక్కరే మాట్లాడారు. అప్పుడు ప్రశ్నలు వచ్చాయట, ఏమడిగారో నేను అడగలేదు. మన దేశంలో ఈ-సిగరెట్ల అమ్మకం 2019 నుంచి నిషేధం. అమ్ముతూ మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు గానీ, లక్ష వరకు జరిమానా గానీ, రెండూ గానీ. తాగినవాడికి మాత్రం ఆ చట్టంలో శిక్ష లేదు. పిల్లలు డాక్టరు దగ్గర దాచకుండా ఉండాలంటే ముందు ఇది చెప్పాలి. కాలేజీ దగ్గర అమ్మే కొట్టు మీద ఫిర్యాదు ఇచ్చాం. పది రోజులు మూసి మళ్లీ తెరిచారు. ఈ పని మనం పూర్తిచేయలేదు, వచ్చే కమిటీకి అప్పగిస్తున్నాను. మానాలనుకునేవాళ్లకు ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356 నోటీసు బోర్డు మీద ఉంది.

కరోనా నాటి ఆరు ఆక్సిమీటర్లకు కొత్త బ్యాటరీలు వేయించాం, రెండు పనిచేయలేదు. గోళ్లరంగు ఉంటే తుడిచి పెట్టుకోండి. 95 కంటే తగ్గినా, ఆయాసం ఉన్నా ఇంట్లో కూర్చోవద్దు. మంచివాటిలో ఒకటి శివరాత్రికి తీసుకెళ్లినవారు ఇంకా తిరిగివ్వలేదు. దయచేసి హాల్లో ఇవ్వగలరు.

— కార్యదర్శి