ఎండీ డీవీఎల్ పూర్తయిన సందర్భంగా నా కృతజ్ఞతలు

గత వారం డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పీజీ ఫలితాలు ప్రకటించింది. చర్మ వ్యాధులు, సుఖవ్యాధులు, కుష్ఠు కలిసి ఉన్న శాఖలో, అంటే మనం వాడుకలో డీవీఎల్ అనుకునే శాఖలో, నేను ఎండీ ఉత్తీర్ణురాలినయ్యాను. ఎంబీబీఎస్ చదువు నాలుగున్నరేళ్లు, హౌస్ సర్జన్సీ ఒక ఏడాది, పీజీ ప్రవేశ పరీక్ష అయిన నీట్ పీజీ కోసం రెండేళ్లు, ఎండీ మూడేళ్లు గడిచాయి. ఇదంతా నా ఒక్కదాని కష్టమని చెప్పుకుంటే అబద్ధమవుతుంది కనుక, అభినందనలు పంపిన వారికి విడివిడిగా జవాబు రాసేముందు, నన్ను ఇక్కడిదాకా చేయి పట్టి నడిపించిన వారికి అందరి ఎదుటా కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను.

మొదట మా కాలేజీలో నా సీనియర్ ఒకరికి. పేరు రాయవద్దని ఆమె కోరారు కనుక అక్క అనే అంటాను. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు నన్ను కర్నూలు జిల్లాలోని ఒక పల్లె ఆరోగ్య కేంద్రానికి పంపారు. అక్కడికి వచ్చిన ఒక రైతు ముంజేతి మీద పాలిపోయిన మచ్చ చూపిస్తే, తామర అనుకొని పూతమందు రాసి పంపించాను. రెండు నెలల తర్వాత నేను తిరిగి వచ్చి మా ఆసుపత్రి చర్మ విభాగం ఓపీలో నిలబడి ఉండగా, అప్పటికి అక్కడ పీజీ చేస్తున్న అక్క ఎదురుగా అదే రైతు కూర్చుని ఉన్నారు. చిటికెన వేలు వంగిపోవడం మొదలైంది. అక్క ఆయనను కళ్లు మూసుకోమని, బాల్ పెన్ను మొనతో మెల్లగా తాకుతూ, ఎక్కడ తాకితే అక్కడ వేలు పెట్టి చూపమన్నారు. మచ్చ చుట్టుపక్కల తాకిన ప్రతిసారీ సరిగ్గా చూపిన మనిషి, మచ్చ మీద మూడుసార్లు తాకినా కదలలేదు. ఆ తర్వాత అక్క నా వేళ్లను ఆయన మోచేతి వెనుక గాడిలో పెట్టించారు. అక్కడ చిటికెన వేలి వైపు వెళ్లే అల్నార్ నరం తాడులా లావెక్కి నా వేళ్ల కింద దొర్లింది. అది తామర కాదు, కుష్ఠు.

ఈయనను ముందు చూసింది నేనేనని అక్కడే చెప్పేశాను. అక్క కోప్పడలేదు. "మచ్చను చూశావు గానీ ముట్టుకోలేదు. ఈ వారమంతా మా ఓపీకి రా" అన్నారు, అంతే. ఆ రైతుకు పన్నెండు నెలలు బహుళ ఔషధ చికిత్స, నరం వాపుకు స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. వ్యాధి నయమైంది, వేలు మాత్రం పూర్తిగా నిటారుగా రాలేదు. నా పొరపాటుకు ఆయనను క్షమాపణ అడిగినప్పుడు, "నీకు నేర్పినోళ్లు దొరికినారు కదమ్మా" అని నన్నే ఓదార్చిన ఆయనకు ఇక్కడ మరోసారి నమస్కరిస్తున్నాను. ఆ వారం రోజుల్లోనే నేను ఏ శాఖకు వెళ్లాలో తేల్చుకున్నాను.

మొదటి ప్రయత్నంలో నాకు వచ్చిన ర్యాంకుకు డీవీఎల్ సీటు రాలేదు. మళ్లీ ఏడాది ఎందుకు పోగొట్టుకోవడం, కొన్ని నెలల కాస్మెటాలజీ సర్టిఫికెట్ తీసుకుని క్లినిక్ పెట్టుకోవచ్చు కదా అని మంచి ఉద్దేశంతోనే సలహా ఇచ్చినవారు చాలామంది ఉన్నారు. అటువంటి సర్టిఫికెట్‌తో మెడికల్ కౌన్సిల్‌లో చర్మవైద్య నిపుణురాలిగా నమోదు కాలేవని, ఎండీ గానీ, దానికి సమానమైన డీఎన్‌బీ గానీ, డిప్లొమా గానీ ఉండి తీరాలని, బొల్లి, సోరియాసిస్, ఒళ్లంతా బొబ్బలు లేచే పెంఫిగస్ వంటి వాటితో ఏళ్ల తరబడి బాధపడే మనుషులను ఆ కొద్ది నెలల చదువుతో మోయలేవని అక్క గట్టిగా చెప్పారు. డిప్లొమా రెండేళ్లే అయినా చాలా కాలేజీల్లో ఆ సీట్లు ఎండీ సీట్లుగా మారిపోయాయని వివరించి, మళ్లీ రాయమని ధైర్యం చెప్పారు.

రెండోసారి ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టే రాత్రి ఆమె తన డ్యూటీ ముగించుకుని నేరుగా మా హాస్టల్‌కు వచ్చారు. ప్రభుత్వ కాలేజీల సీట్లలో సగం అఖిల భారత కోటా కింద ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) కౌన్సెలింగ్‌లోనూ, మిగిలిన సగం రాష్ట్ర కౌన్సెలింగ్‌లోనూ భర్తీ అవుతాయి కనుక రెండింటికీ వేర్వేరు వరుస రాయించారు. ఊరి పేరు చూసి కాలేజీని ఎంచుకోవద్దని, ఓపీకి రోజుకు ఎంతమంది వస్తారు, చర్మ విభాగానికి సొంత వార్డు ఉందా, కుష్ఠు రోగులు వస్తారా, బయాప్సీ స్లైడ్లు పీజీలకు చూపిస్తారా అని అక్కడ చదువుతున్న వారికి ఫోన్ చేసి అడిగించారు. తెల్లవారుజాము మూడున్నరకు లాక్ చేశాం. ఈ నాలుగు ప్రశ్నలూ నాకు సీటు కంటే ఎక్కువ మేలు చేశాయి.

పీజీలో చేరాక నాకు గురువులు చాలామందే దొరికారు గానీ, మా విభాగం ల్యాబ్ టెక్నీషియన్ గారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కుష్ఠు బాక్టీరియా కోసం స్లిట్ స్కిన్ స్మియర్ తీయడం ఆయనే నేర్పారు. చెవి తమ్మెను బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కిపట్టి రక్తం దిగి తెల్లబడేదాకా ఆగాలి. పదిహేనో నంబరు బ్లేడుతో అర సెంటీమీటరు పొడవున కోత పెట్టి, బ్లేడును అడ్డంగా తిప్పి గీకి, వచ్చిన ద్రవాన్ని స్లైడు మీద గుండ్రంగా పరచాలి. పట్టు సడలితే రక్తం కలిసి స్లైడు పాడవుతుంది. నా మొదటి స్లైడ్లు అన్నీ అలాగే పాడయ్యాయి. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోకుండా, మధ్యాహ్నం భోజనం మానుకుని పక్కన కూర్చుని, రంగు వేసిన స్లైడును మైక్రోస్కోపులో చూస్తే నీలం నేల మీద ఎర్రటి కడ్డీల్లా ఆ బాక్టీరియా నా కంటికి కనిపించేదాకా వదల్లేదు. చివరి పరీక్షలో నాకు లాంగ్ కేసుగా, అంటే వివరంగా పరీక్షించి చెప్పాల్సిన రోగిగా, కుష్ఠు వచ్చినప్పుడు నా చేయి వణకకపోవడానికి కారణం ఆయనే.

మా ప్రొఫెసర్ మేడమ్ ప్రతి రోగినీ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పగటి వెలుగులో చూడనిదే రోగ నిర్ధారణ చెప్పనిచ్చేవారు కాదు. థీసిస్ నాలుగుసార్లు దిద్ది ఇచ్చినందుకూ, చర్మ వైద్యుల సంఘం ఐఏడీవీఎల్ రాష్ట్ర సదస్సులో నా పోస్టర్‌కు అండగా నిలిచినందుకూ ఆమెకు రుణపడి ఉన్నాను.

చర్మ వైద్యులకు రాత్రి డ్యూటీల కష్టం ఉండదని నేనూ విన్నాను గానీ, అది నిజం కాదని మా వార్డులోనే తెలిసింది. మూర్ఛ మందు వికటించి ఒళ్లంతా చర్మం ఊడిపోయిన ఒక అమ్మాయి మా వార్డులో పంతొమ్మిది రోజులు ఉంది. దుప్పటి తాకితే చర్మం దానికే అంటుకుపోయే స్థితిలో, కడిగి, ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో పెట్టి తీసిన లేత అరటి ఆకుల మీద ఆమెను పడుకోబెట్టి, నొప్పి తెలియకుండా పక్కకు ఎలా తిప్పాలో మా వార్డు సిస్టర్ నాకు చూపించారు. ఆ ఆకులను రోజూ సైకిల్ మీద తెచ్చి ఇచ్చిన వార్డు బాయ్‌కి కూడా నా నమస్కారాలు. ఆ అమ్మాయి నడిచి ఇంటికి వెళ్లింది.

మా అమ్మా నాన్నలకు, ఫీజు కట్టిన మా పెద్ద మామయ్యకు, నోట్సు పంచుకున్న నా తోటి పీజీలకు ఎంత చెప్పినా తక్కువే.

సోమవారం సీనియర్ రెసిడెంట్‌గా చేరుతున్నాను. ఈ ఏడాది నీట్ పీజీ రాసి, డీవీఎల్ తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఉంటే ఆదివారం మధ్యాహ్నాలు నేను ఖాళీగా ఉంటాను. వచ్చేటప్పుడు ర్యాంకు కార్డు, గత ఏడాది ఏ కాలేజీలో ఏ ర్యాంకు దగ్గర సీట్లు అయిపోయాయో ఆ జాబితా తెచ్చుకోండి. ఆప్షన్ల వరుస కలిసి రాద్దాం.