పిట్టలు చూస్తే డబ్బులిస్తారా?

ప్రియమిత్రమా,

నీ ఉత్తరం చదివి కాసేపు నవ్వుకున్నాను. "నీకేమిరా, అడవుల్లో తిరుగుతావు, పిట్టలను చూస్తావు, దానికి డబ్బులు కూడా ఇస్తారు" అన్నావు. మా ఇంట్లో వాళ్లదీ ఇదే మాట కాబట్టి నీ మీద కోపం లేదు. కానీ ఉద్యోగం మానేసి నువ్వూ నాలా పత్రికలకు విజ్ఞాన, యాత్రా వ్యాసాలు రాసుకునే ఫ్రీలాన్స్ రచయితవవుతానని చివర్లో చల్లగా ఒక ముక్క రాశావు చూడు, ఈ పొడుగాటి జవాబు దానికోసం.

ముందుగా తెలుసుకోవలసింది, సంపాదకులకు చోట్లు అక్కర్లేదు. "ఫలానా చిత్తడినేలకు వెళ్తున్నాను, అక్కడి పక్షుల గురించి రాస్తాను" అని ప్రతిపాదన పంపితే చాలాసార్లు జవాబే రాదు. వాళ్లకు కావలసింది ప్రశ్న. బార్ టెయిల్డ్ గాడ్విట్ అనే పక్షినే తీసుకో. పొడవాటి ముక్కుతో బురదలో పురుగులు ఏరుకు తింటుంది. 2022 అక్టోబరులో ఉపగ్రహ ట్యాగు తగిలించిన గాడ్విట్ ఒకటి అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దాకా 13,560 కిలోమీటర్లు, 11 రోజుల పాటు, ఎక్కడా వాలకుండా ఎగిరింది. దాని వయసు అప్పటికి ఐదు నెలలే! ఇంతవరకు వార్త. పత్రికలన్నీ ఆ వారమే వేసేశాయి, నెలల తరువాత వచ్చే నీ వ్యాసం ఎవరికి కావాలి?

ప్రశ్న దాని వెనక ఉంది. గాడ్విట్ నీటి మీద వాలి సేద తీరగల పక్షి కాదు. మరి అన్ని రోజులు దేనితో బతికింది? బయలుదేరే ముందు ఒళ్లంతా కొవ్వు పట్టించుకుంటుంది. పేగుల వంటి అవయవాలేమో కుంచించుకుపోతాయి. దారిలో తినేదే లేనప్పుడు వాటిని మోయడం దండగ కదా! గమ్యం చేరాక అవి మళ్లీ పెరుగుతాయి. శరీరంలో ఏ భాగాన్ని ఎంతవరకు తగ్గించుకోవచ్చో ఎలా నిర్ణయమవుతుంది? అని అడిగావనుకో, సంపాదకుడు కుర్చీలో కొంచెం ముందుకు జరుగుతాడు.

ఆ కొవ్వును కంటితో చూడవచ్చు తెలుసా? వలస పక్షుల కాళ్లకు గుర్తింపు రింగులు తొడిగే పరిశోధకుల పక్కన కూర్చోవాలి. వలలో పడిన చిన్న పిట్టను తీసి, మెడను చూపుడువేలు, మధ్యవేలు సందున ఒడుపుగా పట్టుకుని, గొంతు కింద మెల్లగా ఊదుతారు. ఈకలు విడిపోతాయి. పలచని చర్మం కింద, గొంతు దగ్గరి గుంటలో, పసుపుపచ్చగా కొవ్వు కనిపిస్తుంది. గుంట ఖాళీగా ఉంటే ఒక అంకె, నిండి ఉబ్బితే మరో అంకె వేసుకుంటారు. పిట్టను గుడ్డసంచీలో వేసి తూచి, వదిలేస్తారు. అంతా ఒకటి రెండు నిమిషాల పని. ఆ కాస్త సమయంలోనే నువ్వు రంగు, వాసన, వాళ్లు తమలో తాము అనుకునే మాటలు అన్నీ రాసుకోవాలి. పెన్సిల్‌తోనే సుమా, వానలో సిరా కారిపోతుంది. ఇలాంటి ఉదయం ఒక్కటి దొరకడానికి ముందు, ఏదైనా కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరా ఉచ్చుల్లో గాలికి ఊగిన గడ్డి ఫొటోలు వేలకొద్దీ చూడవలసి రావచ్చు. అది ఎవరూ చెప్పరు.

ఇక డబ్బు. క్లుప్తంగా చెబుతాను, తలచుకుంటే నాకే నీరసం. కొన్ని పత్రికలు వ్యాసం ఆమోదించగానే పారితోషికం ఇస్తాయి, కొన్ని అచ్చయ్యాక. అచ్చవడానికి నెలలు పడుతుంది, మంచు గురించి ఎండాకాలంలో రాసే వృత్తి ఇది. అడిగి రాయించుకుని వేయకపోతే కొంత ముట్టజెప్పే పద్ధతి ఉంది, ఒప్పందంలో ఆ మాట ఉంటేనే. హక్కులన్నీ వాళ్లకే రాసివ్వమంటే సంతకం చేయకు. ఒకే ప్రయాణం నుంచి విజ్ఞాన పత్రికకు ఒకటి, యాత్రల పత్రికకు ఒకటి, పిల్లల పత్రికకు ఒకటి రాసుకుంటేనే ఖర్చులు తేలేది. ఉచితంగా తిప్పి చూపిస్తామనే ఆహ్వానాలూ వస్తుంటాయి. మంచి పత్రికలు చాలావరకు అలా వెళ్లి రాసిన వాటిని తీసుకోవు, తీసుకోకపోవడమే న్యాయం.

మిగతా రోజులు బల్ల దగ్గరే గడుస్తాయి. 'నేచర్' అనే విజ్ఞాన పత్రికలో రాబోయే పరిశోధన పత్రాలు విలేఖరులకు ముందే అందుతాయి, కానీ ఎంబార్గో ఉంటుంది. లండన్ సమయం ప్రకారం బుధవారం సాయంత్రం నాలుగు దాటేదాకా బయటపెట్టకూడదు. ఆలోగా పత్రం రాసినవాళ్లతో మాట్లాడాలి, ఆ పనిలో పాలుపంచుకోని మరో శాస్త్రవేత్తనూ అడగాలి. నా అనుభవంలో అసలు కథనం ఆ రెండోవాళ్ల దగ్గరే దొరుకుతుంది. "బాగుంది గానీ..." అని వాళ్లు ఒక్క క్షణం ఆగుతారే, ఆ తరువాత వచ్చే మాట కోసం చెవి రిక్కించి ఉండాలి.

ఇంకొకటి, ఇది మాత్రం ఖాయంగా గుర్తుపెట్టుకో. కొన్నిసార్లు చోటు పేరు రాయకపోవడమే మంచిది. దక్షిణ చైనాలో గోనియురోసారస్ లూయీ అనే అందమైన గెకో బల్లిని 1999లో కొత్త జాతిగా వర్ణించారు. ఎక్కడ దొరికిందో ఆ పత్రంలో ఉంది. పెంపుడు జంతువుల వ్యాపారం కోసం పట్టుకుపోయేవాళ్లు ఎగబడ్డారు, తొలిసారి గుర్తించిన చోట ఆ బల్లే లేకుండా పోయింది. 2015లో అదే ప్రజాతిలో మరో రెండు జాతులను వర్ణించినవాళ్లు అవి దొరికిన చోటును పత్రంలో బయటపెట్టలేదు. శాస్త్రవేత్తలే అలా జాగ్రత్తపడుతుంటే, లక్షలమంది చదివే పత్రికలో మనం లోయ పేరు, వాగు పేరు చెప్పి మురిసిపోవడం ఏమిటి? ఫొటోలోని స్థల వివరాలు కూడా తుడిచేసి పంపు. యాత్రల వ్యాసం రాసేవాడికి ఇది గొంతులో ముల్లే. ఎలా వెళ్లాలో చెప్పకుండా యాత్ర గురించి ఏం రాస్తాం? నేనైతే అందరికీ తెరిచి ఉన్న బాటల గురించే దారి చెబుతాను, అరుదైన జీవి ఉన్నచోట నోరు మెదపను. దీని మీద సంపాదకులతో గొడవపడ్డాను, మళ్లీ పడతాను కూడా.

ఉద్యోగం సంగతి అంటావా, అప్పుడే రాజీనామా రాయకు. నీకు నిద్రపట్టనివ్వని ప్రశ్న ఒకటి తీసుకో. దానిమీద ఎవరు పని చేస్తున్నారో, ఇప్పుడే ఎందుకు రాయాలో, నువ్వే ఎందుకు రాయాలో ఒక పేజీలో రాసి నాకు పంపు. మొహమాటం లేకుండా ఎర్ర సిరాతో దిద్ది పంపిస్తాను. వచ్చే వారమంతా ఇంట్లోనే ఉంటాను, పత్రిక తరఫున నిజనిర్ధారణ చేసే ఆవిడ నా వ్యాసంలో వాక్యవాక్యానికీ ఆధారం అడుగుతున్నారు. ఆవిడ ఫోను ఎప్పుడొస్తుందో తెలియదు.

ఇట్లు,
నీ మిత్రుడు